మీ ఇంట్లో నెట్ పోయిన సంగతి కంప్యూటర్‌కు ముందే తెలుసు.. మరి ఫిర్యాదు మీరెందుకు చేయాలి?

రాత్రి గాలివాన. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. ఆ తర్వాత నుంచి ఇంట్లో ఫైబర్ బాక్సు మీద ఎర్ర లైటు. కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే ‘‘పైనుంచే లేదండీ’’ అంటారు. కస్టమర్ కేర్‌కు చేస్తే పేరు, నంబరు, ఊరు అడుగుతారు. ‘‘బాక్సు ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశారా?’’ అంటారు. చివరికి ఒక ఫిర్యాదు నంబరు ఇస్తారు.

అయితే మీరు ఫోన్ తీయకముందే ఆ బాక్సు మూగబోయిన సంగతిని ఎక్కడో ఒక కంప్యూటర్ గుర్తించి ఉండే అవకాశం ఎక్కువ. నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ పనే అది. తేడా కనిపించగానే అది ఒక మెయిల్ కూడా పంపుతుంది. ఆ మెయిల్ ఎవరికి వెళ్లింది? వాళ్లు చూశారా? చూసి ఎవరికి చెప్పారు?

అడగందే అమ్మయినా అన్నం పెట్టదని సామెత. మన ప్రజా సేవల్లో ఫిర్యాదు వ్యవస్థలు చాలావరకు ఈ సామెత మీదే నడుస్తున్నాయి. జనం అడిగితేనే సమస్య లెక్కలోకి వస్తుంది. యంత్రానికి ముందే తెలిసినా, మనిషి అడిగేదాకా దానికి నంబరు పడదు. ఈ రెంటినీ కలపడం ఎలా, కలిపితే మనకేం ఒరుగుతుంది, కలపడంలో చిక్కులేంటి అన్నదే ఈ కథనం.

రెండు గదులు, మధ్యలో గోడ

ఇంటర్నెట్ అయినా, కరెంటు అయినా, ప్రతి సేవ వెనకా రెండు వ్యవస్థలు ఉంటాయి.

మొదటిది పర్యవేక్షణ. జబిక్స్, నాగియోస్ లాంటి సాఫ్ట్‌వేర్లు ప్రతి పరికరాన్నీ కొద్ది నిమిషాలకోసారి పలకరిస్తాయి. జవాబు రాకపోతే అలర్ట్ పంపుతాయి. ఇక్కడ ఉండేది పరికరాల పేర్లు, సంఖ్యలు. మనుషుల పేర్లు ఉండవు.

రెండోది హెల్ప్‌డెస్క్. ఇక్కడ ప్రతి సమస్యకూ ఒక ‘టికెట్’ ఉంటుంది. టికెట్ అంటే నాలుగు విషయాలు: ఒక నంబరు, ఒక బాధ్యుడు, ఒక గడువు, ముగిసిందో లేదో చెప్పే స్థితి. మనకు ఎస్ఎంఎస్‌లో వచ్చే ఫిర్యాదు నంబరు ఇదే.

అలర్ట్‌కు ఈ నాలుగింటిలో ఏదీ ఉండదు. అది వట్టి కబురు. రాత్రి రెండు గంటలకు ఒక ఉమ్మడి ఇన్‌బాక్సులో పడిన మెయిల్‌ను పది మంది చూడొచ్చు. పది మందీ ‘ఇంకెవరో చూస్తారులే’ అనుకోవచ్చు. పొద్దున్నే షిఫ్ట్ మారితే అది నిన్నటి మెయిల్ అయిపోతుంది. కబురుకు నంబరు, బాధ్యుడు, గడువు తోడైతేనే అది పనిగా మారుతుంది.

2024 వరద చూపించిన లోపం

2024 సెప్టెంబర్ మొదటి వారంలో బుడమేరు పొంగి అజిత్ సింగ్ నగర్ సహా విజయవాడలో పెద్ద భాగం నీట మునిగింది. అదే సమయంలో కృష్ణా నది ఉగ్రరూపం దాల్చింది. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 1957లో బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు.

నీళ్లలో ఉన్న కాలనీలకు భద్రత కోసం కరెంటు ఆపాల్సి వచ్చింది. అక్కడి నుంచి గొలుసుకట్టుగా ఏం జరుగుతుందో చూడండి. కరెంటు లేకపోతే సెల్ టవర్ బ్యాటరీ మీద నడుస్తుంది. బ్యాటరీ వచ్చేది కొన్ని గంటలే. ఆ తర్వాత జనరేటర్‌కు డీజిల్ కావాలి. మొలలోతు నీళ్లలో డీజిల్ తెచ్చేదెవరు? టవర్ ఆగితే సిగ్నల్ పోతుంది. ఇంట్లో ఫోన్ ఛార్జింగ్ కూడా అయిపోతుంది.

ఇప్పుడు ఆ ఇంటివాళ్లు 1912కు ఎలా ఫోన్ చేస్తారు?

కాల్ సెంటర్ లెక్కలనే నమ్ముకుంటే, కష్టం ఎక్కువైన కొద్దీ ఫిర్యాదులు తగ్గుతాయి. పూర్తిగా మునిగిన వీధి నుంచి ఒక్క కాల్ కూడా రాదు. సగం మునిగిన వీధి నుంచి వందలు వస్తాయి. తెర మీద చూస్తే మొదటి వీధి ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

యంత్రం అలర్ట్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. బాక్సులన్నీ ఒకేసారి మూగబోవడమే ఆ వీధి చేసిన ఫిర్యాదు. దాన్ని ఫిర్యాదుగా నమోదు చేసుకునే ఏర్పాటు ఉండాలి, అంతే.

ఒకే స్తంభం మీద మూడు బాధ్యతలు

మన రాష్ట్రంలో ఈ ఏర్పాటు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఏపీ ఫైబర్‌నెట్ నిర్మాణం చూడాలి. విజయవాడ కేంద్రంగా పనిచేసే ఈ ప్రభుత్వ సంస్థ 2015లో ఏర్పడింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీని సేవలను ప్రారంభించారు. నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకే నెట్, టీవీ, ఫోన్ అని అప్పట్లో పెద్ద చర్చ జరిగింది.

అంత చౌకగా వేయగలగడానికి ఒక కారణం ఉంది. భూమి తవ్వకుండా, దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగారు. నెట్‌వర్క్ పరికరాలను 2,400కు పైగా విద్యుత్ సబ్‌స్టేషన్లలో పెట్టారు. అక్కడి నుంచి ఇంటిదాకా చివరి దారి స్థానిక కేబుల్ ఆపరేటర్లది. మొత్తాన్ని గమనించే నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్ విశాఖపట్నంలో ఏర్పాటైంది.

అంటే అవనిగడ్డ పక్కన ఒక ఇంట్లో నెట్ ఆగితే, లోపం మూడు చోట్ల ఉండొచ్చు. కరెంటు లైనులో ఉంటే అది డిస్కం పని. ప్రధాన కేబుల్‌లో ఉంటే ఫైబర్‌నెట్ పని. వీధి నుంచి ఇంటికి వచ్చే వైరులో ఉంటే ఆపరేటర్ పని. లోపం కనిపించేది విశాఖలోని తెర మీద. నిచ్చెన వేసుకోవాల్సిన మనిషి ఉండేది అవనిగడ్డలో.

తుపాను వస్తే ఈ ముడి ఇంకా బిగుస్తుంది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలికి స్తంభం పడితే కరెంటు, ఫైబర్ రెండూ ఒకేసారి నేలకొస్తాయి. ముందు స్తంభం నిలబడాలి. లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకోవాలి. ఆ తర్వాతే కేబుల్ సిబ్బంది పైకెక్కాలి. రెండు సంస్థల టికెట్లు ఒకదానికొకటి కనిపించకపోతే, కేబుల్ బృందం వచ్చి కరెంటు పని అవలేదని వెనక్కి పోతుంది. మళ్లీ ఎప్పుడు రావాలో వాళ్లకు చెప్పేవాళ్లుండరు.

బాక్సు చెప్పే ఆఖరి మాట

మరి ఎవరి పనో దూరం నుంచే తేల్చడం సాధ్యమేనా? చాలావరకు సాధ్యమే.

ఫైబర్ బాక్సుల్లో ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. కరెంటు పోయిన క్షణంలో, లోపల మిగిలిన కాస్త విద్యుత్తుతో ‘నాకు కరెంటు పోయింది’ అని ఒక సందేశం పంపి ఆగిపోతుంది. ఇంజినీర్లు దీన్ని ‘డయింగ్ గ్యాస్ప్’ అంటారు. అంటే బాక్సు ఆఖరి శ్వాస. కేబుల్ తెగితే మాత్రం ఈ సందేశం రాదు, వచ్చే దారే ఉండదు కాబట్టి.

ఒక ఫైబర్ పోగును చీల్చి సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకు ఇస్తారు. అందువల్ల ఎన్ని బాక్సులు, ఎలా ఆగాయన్నదాన్ని బట్టి జాడ దొరుకుతుంది:

• ఒక ప్రాంతంలో బాక్సులు గుంపుగా ‘ఆఖరి మాట’ చెప్పి ఆగితే, కరెంటు పోయినట్టు. టికెట్ డిస్కంకు వెళ్లాలి.

• ఒకే పోగు మీది బాక్సులన్నీ ఏమీ చెప్పకుండా ఒకేసారి ఆగితే, కేబుల్ తెగినట్టు. టికెట్ కేబుల్ బృందానికి వెళ్లాలి.

• ఒకే ఒక్క బాక్సు ఏమీ చెప్పకుండా ఆగితే, ఆ ఇంటి వైరులోనో, బాక్సులోనో తేడా. టికెట్ ఆపరేటర్‌కు వెళ్లాలి.

• ఒక్క బాక్సు ‘ఆఖరి మాట’ చెప్పి ఆగితే, చాలాసార్లు సమస్యే కాదు. పడుకునే ముందు స్విచ్ ఆపే ఇళ్లు మనలో ఎన్నో. దీనికి టికెట్ అక్కర్లేదు.

ఇంత చిన్న లెక్కతోనే ‘‘పైనుంచే లేదండీ’’, ‘‘కింద మీ ఆపరేటర్‌ను అడగండి’’ అనే బంతాట చాలావరకు ఆగిపోతుంది.

మెయిల్ టికెట్‌గా ఎలా మారుతుంది?

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఓటీఆర్ఎస్, ఓఎస్‌టికెట్, జీఎల్‌పీఐ లాంటి హెల్ప్‌డెస్క్ సాఫ్ట్‌వేర్లకు ఉచితంగా వాడుకోదగ్గ రూపాలున్నాయి. వీటికి ఒక మెయిల్ చిరునామా ఇస్తే, అక్కడికి వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ టికెట్‌గా మారుస్తాయి.

యంత్రం పంపే అలర్ట్‌లకు ఇంకాస్త తెలివి కావాలి. ఓటీఆర్ఎస్‌లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. నాగియోస్ నుంచి మెయిల్ రాగానే అది మూడు మాటలు వెతుకుతుంది: ఏ పరికరం, అందులో ఏ సేవ, ఇప్పుడు దాని స్థితి ఏంటి. ‘ఆగింది’ అని ఉంటే, ఆ పరికరం పేరు మీద తెరిచి ఉన్న టికెట్ ఉందేమో చూస్తుంది. లేకపోతే కొత్తది తెరుస్తుంది. ఉంటే అందులోనే రాసుకుంటుంది. కాసేపటికి ‘తిరిగి వచ్చింది’ అనే మెయిల్ వస్తే, అదే టికెట్‌ను వెతికి ఆ సంగతి నమోదు చేస్తుంది. మూసేయమని అమర్చి ఉంటే మూసేస్తుంది.

ఈమధ్య వచ్చిన సాఫ్ట్‌వేర్లు మెయిల్ లేకుండా నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి. అయినా మెయిల్ దారి ఇంకా వాడుకలో ఉంది. పాత పరికరాలు, వేర్వేరు కంపెనీల సాఫ్ట్‌వేర్లు అన్నింటికీ వచ్చిన ఉమ్మడి భాష అదే.

‘నాన్నా పులి’ చిక్కు

వచ్చిన ప్రతి మెయిల్‌నూ టికెట్ చేస్తే రెండో రోజే వ్యవస్థ కుప్పకూలుతుంది. సబ్‌స్టేషన్‌లో ఒక పరికరం ఆగితే దాని కింద ఉన్న వందల బాక్సులూ ఆగినట్టే కనిపిస్తాయి. వందల టికెట్లు పడతాయి. నాలుగు రోజులు ఇలాగే జరిగితే సిబ్బంది మెయిల్ తెరవడమే మానేస్తారు. నాన్నా పులి కథలోలా, నిజంగా పులి వచ్చిన రోజు ఎవరూ కదలరు.

అందుకే నాలుగు జాగ్రత్తలు తప్పనిసరి.

మొదటిది, ఏది దేని మీద ఆధారపడిందో ముందే చెప్పి పెట్టడం. నాగియోస్‌లో ‘ఆగిపోయింది’, ‘అందుబాటులో లేదు’ అని రెండు వేర్వేరు స్థితులు ఉంటాయి. పైనున్న పరికరం ఆగితే, కిందివాటిని రెండో రకంగా లెక్కిస్తుంది. టికెట్ పైదానికి ఒక్కటి చాలు. కింది ఇళ్ల జాబితా అందులో ఉండాలి.

రెండోది, కాస్త ఆగడం. పోయి వచ్చే కరెంటుకు, ఊగే తీగకు ప్రతిసారీ టికెట్ పడకూడదు. అయితే గంటకు పదిసార్లు పోయి వస్తుంటే, అది వేరే సమస్య. దానికీ ఒక టికెట్ కావాలి.

మూడోది, ప్రతిధ్వని ఆపడం. టికెట్ పడగానే హెల్ప్‌డెస్క్ ‘మీ ఫిర్యాదు అందింది’ అని జవాబు పంపుతుంది. ఆ జవాబు మనిషి చదవని యంత్రం చిరునామాకు వెళ్లి తిరుగుటపాలో వస్తే, దానికీ టికెట్ పడుతుంది. దానికి మళ్లీ జవాబు. తెల్లారేసరికి వేల టికెట్లు. యంత్రం పంపిన ఉత్తరానికి యంత్రం జవాబివ్వకుండా చూడాలి.

నాలుగోది వరదలో మనకు బాగా అర్థమయ్యేది. నెట్ ఆగిందని చెప్పే మెయిల్ ఆ నెట్ మీదుగానే వెళ్లాల్సి వస్తే? పర్యవేక్షణ సర్వర్ ఉన్న భవనానికే కరెంటు పోతే? అలర్ట్‌లు రావు. సమస్యలేమీ లేనట్టు ఉంటుంది. అందుకే సర్వర్ ‘నేను బాగున్నాను’ అని కొద్ది నిమిషాలకోసారి వేరే ఊళ్లోని మరో యంత్రానికి చెబుతుండాలి. ఆ మాట ఆగితే, అదే పెద్ద టికెట్.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

ఇదంతా ఇంజినీర్ల గొడవ, మనకెందుకు అనిపించొచ్చు. కానీ వినియోగదారుడి హక్కు ఇక్కడే ఉంది.

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2004లోనే డిస్కంలకు పనితీరు ప్రమాణాలు పెట్టింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలన్నది అందులో ఒకటి. తప్పితే పరిహారం. అయితే గంటలు లెక్కపెట్టాలంటే మొదలైన సమయం రాసి ఉండాలి. ఫిర్యాదుతోనే గడియారం మొదలైతే, ఎవరూ ఫోన్ చేయని ఊళ్లో అది మొదలే కాదు.

2020 డిసెంబర్ 31న కేంద్రం తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు ఈ విషయాన్ని నేరుగా తాకాయి. 24 గంటలూ పనిచేసే ఉచిత కాల్ సెంటర్ ఉండాలన్నాయి. వచ్చిన, పరిష్కరించిన, మిగిలిన వినతులన్నీ ఒకే చోట కనిపించే ఉమ్మడి వ్యవస్థ కోసం ప్రయత్నించాలన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైనది: దూరం నుంచే పర్యవేక్షించగల ప్రమాణాల విషయంలో లోపం రుజువైతే, వినియోగదారుడికి పరిహారం దానంతట అదే అందాలన్నాయి.

ఈ నిబంధన కాగితం దాటి రావాలంటే, పర్యవేక్షణ యంత్రం పెట్టిన సమయం టికెట్‌లోకి, టికెట్ నుంచి బిల్లులోకి చేరాలి. మధ్యలో ఒక ఇన్‌బాక్సు అడ్డుపడితే, హక్కు అక్కడే ఆగిపోతుంది.

టెలికాంలోనూ ఇదే దారి. 2024 ఆగస్టులో ట్రాయ్ ప్రకటించిన సేవా నాణ్యత నిబంధనల ప్రకారం, ఒక జిల్లాలో నెట్‌వర్క్ 24 గంటలకు మించి ఆగిపోతే పోస్ట్‌పెయిడ్ వారికి అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగింపు ఇవ్వాలి. ప్రకృతి విపత్తు వల్ల ఆగితే మాత్రం ఇది వర్తించదు. అప్పుడు కూడా సేవ ఎప్పుడు ఆగింది, నీళ్లు తగ్గాక ఎన్నాళ్లకు వచ్చింది అన్న లెక్క అవసరమే. విపత్తు ఎక్కడ ముగిసిందో, నిర్లక్ష్యం ఎక్కడ మొదలైందో ఆ సమయాలే చెబుతాయి.

తెరవడం కంటే మూయడమే కీలకం

యంత్రమే టికెట్ తెరిచి, యంత్రమే మూసేస్తే కొత్త ప్రమాదం ఉంది. నెట్ తిరిగి రాగానే టికెట్ మూసేస్తే, సగటు పరిష్కార సమయం కాగితం మీద అద్భుతంగా ఉంటుంది. కానీ అదే స్తంభం దగ్గర అదే కేబుల్ నెలలో ఐదోసారి పోయిందన్న విషయం కనబడదు. తాత్కాలికంగా ముడేసిన కేబుల్ మళ్లీ గాలికి ఊగుతూనే ఉంటుంది.

కాబట్టి సేవ తిరిగి రావడం వేరు, టికెట్ ముగియడం వేరు అన్న తేడా ఉండాలి. మొదటిది యంత్రం చెప్పొచ్చు. రెండోది కారణం రాశాక మనిషే చెప్పాలి. ఆ కారణాలు పోగైతేనే ఏ ఫీడర్ కింద కొమ్మలు కొట్టాలో, ఏ స్తంభం మార్చాలో వానాకాలానికి ముందే తెలుస్తుంది.

ఇంకో మాట. ఆటోమేటిక్ టికెట్ వచ్చినంత మాత్రాన స్తంభం ఎక్కే మనుషులు పెరగరు. ఉన్న కొద్దిమంది లైన్‌మన్ల ఫోన్లకు పది రెట్లు టికెట్లు పంపితే, అది వారి మీద భారమే. అయితే అనవసరపు తిరుగుడు తగ్గితే, ఉన్నవాళ్ల సమయమే కొంత కలిసొస్తుంది. టికెట్ల లెక్క చూపించి ‘మాకు మనుషులు చాలడం లేదు’ అని అడిగే ఆధారం కూడా వారికి దొరుకుతుంది.

అప్పటిదాకా మీరేం చేయొచ్చు?

• ఫోన్ చేసే ముందు బాక్సు చూడండి. ఎల్ఓఎస్ అని రాసిన చోట ఎర్ర లైటు ఉంటే ఫైబర్ సిగ్నల్ రావడం లేదు. ఆ మాటే చెప్పండి. పక్కింట్లోనూ పోయిందో లేదో కనుక్కుని చెబితే సగం పని మీరే చేసినట్టు.

• ఆపరేటర్‌కు వాట్సాప్‌లో చెప్పి ఊరుకోవద్దు. కస్టమర్ కేర్‌లో నమోదు చేసి నంబరు తీసుకోండి. కరెంటు సమస్యకు 1912. నంబరు, సమయం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పరిహారం అడగాలంటే ఆధారం అదే.

• సమస్య తీరకుండానే ‘పరిష్కరించాం’ అని ఎస్ఎంఎస్ వస్తే వదలొద్దు. అదే నంబరు మీద మళ్లీ తెరవమని అడగండి. కొత్త నంబరు పడితే గడియారం మళ్లీ మొదటికొస్తుంది.

• అక్కడా కాకపోతే కరెంటు విషయంలో డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. టెలికాం కంపెనీల్లో కాల్ సెంటర్ పైన అప్పిలేట్ అథారిటీ ఉంటుంది.

మీ ఇంట్లో నెట్ పోతే మీరు ఫోన్ చేయగలరు. దివిసీమ చివర ఊళ్లో ఒంటరిగా ఉండే ముసలమ్మకు కరెంటు పోతే, ఎవరికి చేయాలో ఆమెకు తెలియకపోవచ్చు. చేద్దామన్నా సిగ్నల్ ఉండకపోవచ్చు. ఆమె వీధి చీకటైన సంగతి సబ్‌స్టేషన్‌లోని యంత్రానికి తెలిసిన రాత్రే, ఆమె పేరడగకుండా ఒక నంబరు పడాలి. మళ్లీ వాన ముసురుకునేలోగా ఈ పని ఎంతవరకు వచ్చిందని డిస్కంలను, ఫైబర్‌నెట్‌ను అడగాల్సింది మనమే. ఇక్కడ కూడా అడగందే అమ్మయినా పెట్టదు.